ఎల్‌జీఐ1 యాంటీబాడీ మెదడువాపు: ఒక లెక్కల మాష్టారి కేసు

ఆయన వయసు 64 ఏళ్లు. పశ్చిమ గోదావరి డెల్టాలోని ఒక పల్లెలో ఉంటారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పదేళ్లుగా షుగరు ఉన్నా మాత్రలతో అదుపులోనే ఉంది. పొగ, మద్యం అలవాట్లు లేవు. ఇంట్లో ఎవరికీ మూర్ఛ లేదు. కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చాను.

జూన్ మొదటి వారంలో ఒకరోజు భోజనం చేస్తుండగా ఎడమచేతిలోని మజ్జిగ గ్లాసు విసిరేసినట్టుగా ఎగిరిపడింది. తాను వదల్లేదని, చెయ్యే దానంతటది ఎగిరిందని ఆయన చెప్పారట. మరో వారానికి ఇలా రోజుకు ఐదారుసార్లు అవసాగింది. నెలాఖరుకల్లా లెక్కపెట్టలేనన్నిసార్లు అయ్యేది. మొదట నరాల బలహీనత అన్నారు, బి-కాంప్లెక్స్ సూదులు వేశారు. తర్వాత ఆందోళన అన్నారు. జులై మధ్యలో ఫిట్స్ అని గుర్తించి లెవెటిరాసిటమ్ మొదలుపెట్టారు. చెయ్యి ఎగరడం తగ్గకపోగా, జీవితంలో ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఇంట్లో అందరి మీదా కసురుకోవడం మొదలుపెట్టారు. దాంతో ఆక్స్‌కార్బజెపిన్ అనే మరో మూర్ఛ మందు కూడా చేర్చారు. ఆ లోపే జ్ఞాపకశక్తి జారిపోవడం మొదలైంది. పాలవాడికి ఒకే నెల డబ్బు రెండుసార్లు ఇచ్చారు. అడిగిన ప్రశ్నే పది నిమిషాలకోసారి అడిగేవారు. ఒక సాయంత్రం రామాలయం నుంచి ఇంటికి దారి తెలియక, మూడు వీధుల అవతల ఎవరి అరుగు మీదనో కూర్చుని ఉంటే తెలిసినవాళ్లు తీసుకొచ్చారు.

ఆగస్టు రెండో వారంలో ఒక సోమవారం నా దగ్గరికి వచ్చారు. కొడుకు బెంగళూరు నుంచి వచ్చి మూడు రోజులైంది. మాటల్లో పెట్టి, "మాష్టారూ, మీ అబ్బాయి ఎప్పుడొచ్చారు?" అని అడిగాను. ఆయన పక్కకు తిరిగి కొడుకును చూసి, నిజమైన ఆశ్చర్యంతో, "నువ్వెప్పుడొచ్చావురా?" అన్నారు. ఆ మాట పూర్తవుతూండగానే ముఖం ఎడమవైపు బిగుసుకుని, పెదవి కొస పక్కకు లాగేసి, ఎడమ మోచెయ్యి మడుచుకుని పైకి లేచింది. రెండు సెకన్లు కూడా పట్టలేదు. వెంటనే మామూలైపోయి, ఏమీ జరగనట్టే నా వైపు చూశారు. స్పృహ తప్పలేదు. ఇరవై నిమిషాల్లో ఇలా నాలుగుసార్లు జరగడం నేను చూశాను. ఆయన భార్య సంచిలోంచి ఒక రూళ్ల నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టారు. అందులో రోజుకొక వరుస, ప్రతి వరుసలో నాలుగు నిలువు గీతలకు అడ్డంగా ఐదోది కొట్టిన గుత్తులు ఉన్నాయి. ముందురోజు 47, ఆ ముందురోజు 51. "ఇలా గీసి ఉంచితే ఎవరో ఒకరు నమ్ముతారని రాశానండి" అన్నారావిడ. నా వృత్తిజీవితంలో నేను చూసిన విలువైన వైద్య రికార్డుల్లో ఆ నోట్‌బుక్ ఒకటి.

ముఖమూ అదే వైపు చెయ్యీ కలిసి, మూడు సెకన్లకు మించకుండా, రోజుకు పదుల సంఖ్యలో బిగుసుకునే ఈ మూర్ఛలను ఫేషియోబ్రాకియల్ డిస్టోనిక్ సీజర్స్ అంటారు. 2011లో ఆక్స్‌ఫర్డ్ బృందం వీటిని విడిగా వర్ణించింది. వీటిని ఒకసారి కళ్లారా చూసిన న్యూరాలజిస్టు మళ్లీ మరిచిపోడు. చూడని డాక్టరుకు మాత్రం ఇవి ఆందోళనగానో, ఉలికిపాటుగానో, మయోక్లోనస్ (కండరాల అదురు)గానో కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన మతిమరుపు, పెద్ద వయసు, రక్తంలో సోడియం తగ్గడం వీటికి తోడైతే ఎల్‌జీఐ1 అనే ప్రోటీన్‌కు వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీల గురించే ముందు ఆలోచించాలి. ఆయన సోడియం 122. జులై మొదట్లో చేసిన పరీక్షలో అది 131 ఉంది. ఆక్స్‌కార్బజెపిన్ దాన్ని ఇంకా కిందికి లాగింది. సోడియం అప్పటికే తక్కువగా ఉన్న రోగికి ఈ మందు ఇచ్చేముందు, అసలు సోడియం ఎందుకు తగ్గిందని ఒక్క క్షణం ఆగి అడిగి ఉంటే దారి అక్కడే దొరికేది.

అదే రోజు ఆస్పత్రిలో చేర్చుకున్నాం. జ్ఞాపకశక్తినీ ఆలోచననూ కొలిచే ఏసీఈ-3 పరీక్ష తెలుగు రూపంలో ఆయనకు 100కు 61 మార్కులు వచ్చాయి. జ్ఞాపకశక్తి భాగంలో 26కు 8 వచ్చాయి. పంతొమ్మిదో ఎక్కం తడబాటు లేకుండా అప్పజెప్పారు. అందులో చెప్పిన పేరూ చిరునామా మాత్రం కొన్ని నిమిషాల తర్వాత ఒక్క ముక్క కూడా మిగల్లేదు. అటువంటి పేరు ఒకటి మేము చెప్పామన్న సంగతే ఆయనకు గుర్తులేదు. పాత జ్ఞాపకం నిలిచి, కొత్తది అంటుకోకపోవడం, మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతిన్న గుర్తు. ఎమ్మారైలో కుడి హిప్పోకాంపస్ ఉబ్బి, ఫ్లెయిర్ చిత్రాల్లో తెల్లగా కనిపించింది. మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీలో కుడి టెంపోరల్ (కణత వైపు) భాగంలో నెమ్మది తరంగాలున్నాయి. చెయ్యి ఎగిరిన క్షణాల్లో మాత్రం ఈఈజీ గీతలో మార్పేమీ లేదు. ఈ జబ్బులో ఇది తరచుగా జరిగేదే. ఈఈజీ బాగుంది కాబట్టి ఫిట్స్ కావని అనుకోవడం ఇక్కడ పొరపాటవుతుంది. వెన్నునీటిలో కణాలు రెండే ఉన్నాయి, ప్రోటీన్, గ్లూకోజు మామూలుగా ఉన్నాయి. థైరాయిడ్, బి12 బాగున్నాయి. నెలల వ్యవధిలో మతి జారిపోతూ శరీరం ఉలికిపడుతున్న రోగిలో మెదడును వేగంగా తినేసే క్రాయిట్స్‌ఫెల్ట్-యాకబ్ జబ్బు గురించి ఆలోచించక తప్పదు. ఎమ్మారై డిఫ్యూజన్ చిత్రాల్లో దాని ఛాయలు కనిపించలేదు. ఛాతీ, పొట్ట సీటీల్లో ఎక్కడా గడ్డలు లేవు. ఎల్‌జీఐ1 రోగుల్లో కొద్దిమందిలో మాత్రమే థైమోమా (ఛాతీలోని థైమస్ గ్రంథి గడ్డ) వంటి కణితి దొరుకుతుంది, అయినా వెతకడం తప్పనిసరి. రక్తమూ వెన్నునీరూ రెండూ యాంటీబాడీ పరీక్షకు పంపాం. ఆరు రోజులకు ఫలితం వచ్చింది. రక్తంలో ఎల్‌జీఐ1 పాజిటివ్, వెన్నునీటిలో నెగటివ్. ఈ జబ్బులో రక్తం పరీక్షే ఎక్కువ నమ్మకమైనది. వెన్నునీరు ఒక్కటే పంపితే రోగం తప్పించుకుపోతుంది.

పరీక్ష పేరు గురించి ఒక మాట చెప్పాలి. 2010కి ముందు ఈ రోగులందరికీ పొటాషియం ఛానెల్ యాంటీబాడీలు ఉన్నాయనుకునేవారు. ఆ పరీక్షలో రేడియోధార్మిక విషంతో గుర్తుపెట్టిన ఛానెల్‌ను పట్టి లాగేవారు. ఛానెల్ ఒంటరిగా రాదు, దాన్ని అంటిపెట్టుకున్న ప్రోటీన్ల గుత్తి అంతా దాంతో వస్తుంది. 2010లో ఆక్స్‌ఫర్డ్ బృందమూ, హోసెప్ దల్మావు బృందమూ వేర్వేరుగా తేల్చిన విషయం ఏమిటంటే, ఈ రోగుల యాంటీబాడీల గురి చాలావరకు ఛానెల్ మీద లేదు. అది ఆ గుత్తిలోని ఎల్‌జీఐ1 మీద, మరికొందరిలో కాస్పర్2 అనే మరో ప్రోటీన్ మీద ఉంది. ఈ రెండూ నెగటివ్‌గా వచ్చి, పాత పొటాషియం ఛానెల్ పరీక్ష మాత్రమే పాజిటివ్‌గా వస్తే దానికి చికిత్సాపరమైన విలువ దాదాపు లేదు. ఇప్పటికీ కొన్నిచోట్ల ఆ పాత పేరుతోనే రిపోర్టులు రావడం చూస్తే బాధ కలుగుతుంది.

ఇంతకీ ఎల్‌జీఐ1కూ మతిమరుపుకూ సంబంధం ఏమిటి? ఈ కేసులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ ప్రశ్నే. మెదడులో ఒక కణం పక్క కణాన్ని ఉత్తేజపరచడానికి వాడే ప్రధాన రసాయనం గ్లూటమేట్. రెండు కణాలు సంకేతం అందించుకునే చోటైన సినాప్స్‌లో సందు వెడల్పు సుమారు 20 నానోమీటర్లు. దాన్ని దాటి వచ్చిన గ్లూటమేట్‌ను అవతలి ఒడ్డున ఆంపా రిసెప్టర్లు అందుకుంటాయి. నాలుగు భాగాలు కలిసిన ఈ రిసెప్టర్ మిల్లీసెకన్లలో తెరుచుకుని సోడియం అయాన్లను లోపలికి వదులుతుంది. పాఠ్యపుస్తకంలోని బొమ్మ చూస్తే రిసెప్టర్ గోడలో మేకు కొట్టినట్టు స్థిరంగా ఉంటుందనిపిస్తుంది. నిజానికి అది కణత్వచంలో, నీటి మీద తేలే గుర్రపుడెక్క ఆకులా అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. దాన్ని సినాప్స్ నడిమధ్యకు తీసుకొచ్చి, అక్కడ నిలిపి, ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయించేవి దాని అనుబంధ ప్రోటీన్లు.

ఈ సంగతి తెలియజేసింది ఒక చిట్టెలుక. అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో దొరికిన ఆ ఎలుక తూలుతూ నడిచేది, తల పదేపదే పైకెత్తి నక్షత్రాలు చూస్తున్నట్టు ఉండేది. అందుకే దానికి స్టార్‌గేజర్ అని పేరు పెట్టారు. దానికి ఆబ్సెన్స్ మూర్ఛలు (కొన్ని క్షణాలు స్పృహ తప్పేవి) కూడా ఉండేవి. లోపమున్న జీన్ 1998లో దొరికింది, ఆ ప్రోటీన్‌కు స్టార్‌గేజిన్ అని పేరొచ్చింది. 2000లో శాన్ ఫ్రాన్సిస్కోలో రోజర్ నికోల్, డేవిడ్ బ్రెట్ బృందాలు చూపిందేమిటంటే, ఆ ఎలుక చిన్నమెదడులోని గ్రాన్యూల్ కణాలలో ఆంపా రిసెప్టర్లు తయారవుతూనే ఉన్నా కణం ఉపరితలానికి చేరడం లేదు. స్టార్‌గేజిన్ వాటిని పైకి చేర్చడానికీ కావాలి, పీఎస్‌డీ-95 అనే లంగరు ప్రోటీన్‌కు తగిలించి సినాప్స్‌లో నిలపడానికీ కావాలి. దీని కుటుంబాన్ని టార్ప్‌లు అంటారు. హిప్పోకాంపస్‌లో వీటిలో గామా-8 అనేది ఎక్కువగా ఉంటుంది. ఇవి రిసెప్టర్ మూసుకునే వేగాన్ని తగ్గిస్తాయి, మందులకు అది స్పందించే తీరునూ మారుస్తాయి. తర్వాత కార్నికాన్లు, సీకేఏఎంపీ44 వంటి మరికొన్ని అనుబంధ ప్రోటీన్లు కూడా బయటపడ్డాయి. నేర్చుకునే క్షణంలో కణంలోకి కాల్షియం వచ్చినప్పుడు క్యామ్‌కైనేజ్-2 అనే ఎంజైము స్టార్‌గేజిన్ తోకకు ఫాస్ఫేట్లు అతికిస్తుంది. అప్పుడా తోక త్వచాన్ని వదిలి పీఎస్‌డీ-95ను పట్టుకుంటుంది, తిరుగుతున్న రిసెప్టర్ అక్కడ ఆగుతుంది. కొత్త సంగతి ఒకటి మనసులో నిలవడమంటే, ఆ స్థాయిలో చూస్తే, రిసెప్టర్ ఒకచోట నిలవడమే.

ఎల్‌జీఐ1 దారి కొంచెం వేరు. టార్ప్‌లా అది రిసెప్టర్‌ను నేరుగా అంటిపెట్టుకోదు. కణం బయటికి వెలువడి సినాప్స్ సందులో ఉంటుంది. దాని ఒక చివర అవతలి కణం మీది ఆడమ్22 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. రెండు ఎల్‌జీఐ1లు ఒకదాన్నొకటి పట్టుకుని, ఇవతలి కణం మీది ఆడమ్23తో కలిసి, సందుకు అడ్డంగా వంతెనలా ఏర్పడతాయి. ఆడమ్22 లోపలి భాగం అదే పీఎస్‌డీ-95కు తగిలి ఉంటుంది. అంటే స్టార్‌గేజిన్ రిసెప్టర్‌ను ఏ లంగరుకు కడుతుందో, ఎల్‌జీఐ1 ఆ లంగరునే అవతలి ఒడ్డుకు ఎదురుగా సరిగ్గా నిలబెడుతుంది. 2006లో మసాకి ఫుకాటా బృందం ఎల్‌జీఐ1, ఆడమ్22ల బంధాన్ని కనిపెట్టి, ఎల్‌జీఐ1 ఆంపా రిసెప్టర్ల ప్రసారాన్ని బలపరుస్తుందని చూపింది. 2013లో అదే వర్గం, రోగుల రక్తంలోని యాంటీబాడీలు ఈ బంధాన్ని అడ్డుకుంటాయని, దాంతో సినాప్స్‌లో ఆంపా రిసెప్టర్లు తగ్గిపోతాయని నిరూపించింది. 2018లో దల్మావు బృందం రోగుల యాంటీబాడీలను ఎలుకల మెదడులోకి ఎక్కించగా ఆంపా రిసెప్టర్లతోపాటు కేవీ1.1 పొటాషియం ఛానెళ్లూ తగ్గాయి, ఎలుకల జ్ఞాపకశక్తి దెబ్బతింది.

మా మాష్టారిలో రిసెప్టర్‌కు ఏ హానీ లేదు. దాన్ని నిలిపి ఉంచే వంతెన తెగింది. గ్లూటమేట్‌నే అందుకునే మరో రిసెప్టర్ మీద యాంటీబాడీలు పుట్టే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ మెదడువాపుతో పోల్చి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. అక్కడ ఐజీజీ1 తరగతి యాంటీబాడీలు రిసెప్టర్‌నే పట్టుకుని, రెండేసిగా కట్టి కణం లోపలికి లాగేస్తాయి. ఇక్కడ యాంటీబాడీలు ఎక్కువగా ఐజీజీ4 తరగతివి. వాటికి కణాన్ని చంపే శక్తి తక్కువ. రెండు ప్రోటీన్ల మధ్య దూరి పట్టు విడదీయడమే వాటి ప్రధానమైన పని. అందువల్ల యాంటీబాడీని తొలగిస్తే వంతెన మళ్లీ కట్టుకునే అవకాశం చాలావరకు ఉంటుంది. ఆలస్యమైతే మాత్రం హిప్పోకాంపస్ కుంచించుకుపోతుంది.

జూనియర్ డాక్టరు ఒకరు రౌండ్స్‌లో మంచి ప్రశ్న వేశారు. ఉత్తేజాన్ని అందుకునే రిసెప్టర్లు తగ్గితే మెదడు మందగించాలి కదా, మూర్ఛలెందుకు వస్తాయి? దీనికి రెండు సమాధానాలు చెప్పాను. ఎల్‌జీఐ1 గుత్తిలో ఇవతలి ఒడ్డున కేవీ1 పొటాషియం ఛానెళ్లు కూడా ఉంటాయి. అవి తగ్గితే కణం పని ముగించి శాంతించడం ఆలస్యమై, గ్లూటమేట్ మరింతగా వెలువడుతుంది. ఇక రెండోది స్టార్‌గేజర్ ఎలుక చెప్పిన పాఠం. మిగతా కణాలను అదుపులో పెట్టే నిరోధక కణాలు కూడా మేలుకోవాలంటే వాటి మీది ఆంపా రిసెప్టర్ల ద్వారానే మేలుకోవాలి. ఆ ఎలుక మెదడు లోపలి థాలమస్ అనే భాగంలో నిరోధక కణాలకు ఆ ఉత్తేజం అందకపోవడమే దాని మూర్ఛలకు ఒక కారణం. రోగిలో ఈ రెండింటిలో దేనిది ఎంత పాత్ర అన్నది నా ఊహ మాత్రమే. అయినా, ఆంపా రిసెప్టర్‌ను అడ్డుకునే పెరాంపనెల్ వంటి మూర్ఛ మందును ఇక్కడ ఆలోచించకుండా వాడకూడదనిపించింది, అందుకే వాడలేదు.

చికిత్స విషయంలో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. హెర్పిస్ వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ వైరస్ మందు ఆసిక్లోవిర్ ఇస్తూ, స్టెరాయిడ్‌ను శుక్రవారందాకా ఆపాను. జ్వరం లేదు, వెన్నునీటిలో కణాలు రెండే, మూర్ఛల తీరు అంత స్పష్టంగా ఉంది. సోమవారం రాత్రే ఆసిక్లోవిర్‌తోపాటు స్టెరాయిడ్ కూడా మొదలుపెట్టి ఉండాల్సింది. ఆ నాలుగు రోజుల్లో నోట్‌బుక్‌లో మరో 190 గీతలు పడ్డాయి. 2018లో 103 మంది రోగుల మీద వెలువడిన అధ్యయనంలో, మూర్ఛ మందులతో మాత్రమే ఈ మూర్ఛలు ఆగినవారు పది శాతం మంది. ఇమ్యూనోథెరపీ (స్టెరాయిడ్ వంటి, రోగనిరోధక శక్తిని అదుపుచేసే చికిత్స) మొదలుపెట్టిన 30 రోజుల్లో ఆగినవారు దాదాపు సగం మంది. అందులో నన్ను కలచివేసే విషయం మరొకటుంది: మతిమరుపు మొదలుకాకముందే మూర్ఛలు ఆపగలిగిన రోగుల్లో మతిమరుపు రాకుండా కాపాడగలిగారు. మా మాష్టారికి ఆ అవకాశం జూన్‌లో ఉండేది.

మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు ఒక గ్రాము చొప్పున ఐదు రోజులు ఇచ్చాం. షుగరు 380 దాటింది, ఇన్సులిన్‌తో అదుపు చేశాం. ఆక్స్‌కార్బజెపిన్ ఆపేశాం, లెవెటిరాసిటమ్ బదులు లాకోసమైడ్ అనే మూర్ఛ మందు తక్కువ మోతాదులో ఇచ్చాం. నీళ్లు పరిమితం చేసి, సోడియాన్ని రోజుకు 8 కంటే ఎక్కువ పెరగనీయకుండా నెమ్మదిగా పైకి తెచ్చాం. స్టెరాయిడ్ తర్వాత ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తంనుంచి తీసిన యాంటీబాడీలు) ఇవ్వాలా, రక్తంలోని యాంటీబాడీలను తీసేసే ప్లాస్మా మార్పిడి చేయాలా అన్న ప్రశ్న వచ్చింది. ఇమ్యునోగ్లోబులిన్‌కు చిన్న ట్రయల్‌లో మంచి ఫలితమే కనిపించింది. ఎనిమిది మందిలో ఆరుగురికి మూర్ఛలు సగానికి పైగా తగ్గాయి, ప్లాసిబో తీసుకున్న తొమ్మిది మందిలో ఇద్దరికి మాత్రమే తగ్గాయి. అయితే 70 కిలోల మనిషికి ఐదు రోజుల్లో 140 గ్రాములు కావాలి, ఆ ఖర్చు ఈ కుటుంబానికి మోయలేనిది. కొడుకుతో, భార్యతో కూర్చుని రెండు దారులూ వివరించాక వాళ్లు ప్లాస్మా మార్పిడి ఎంచుకున్నారు. రోజు విడిచి రోజు ఐదుసార్లు చేశాం.

నోట్‌బుక్‌లో ఆ పేజీ నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. శుక్రవారం 46, శనివారం 44, ఆదివారం 31, సోమవారం 12. ఆ తర్వాత ఒకటీ రెండూ. చికిత్స మొదలైన పదకొండో రోజు తర్వాత వరుసలు ఖాళీ. ఆవిడ తేదీలు మాత్రం రాస్తూ పోయారు. సోడియం 136కు చేరింది. హెపటైటిస్-బి లేదని చూసుకుని, యాంటీబాడీల తయారీకి మూలమైన బి-కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ ఒక్కో గ్రాము చొప్పున రెండు వారాల తేడాతో రెండుసార్లు ఇచ్చాం. ఈ జబ్బు పావువంతు నుంచి మూడోవంతు మందిలో తిరగబెడుతుంది కాబట్టి, స్టెరాయిడ్ మాత్రలను తొందరపడి ఆపకుండా ఏడాదికి పైగా నెమ్మదిగా తగ్గించాం. లాకోసమైడ్ ఆరు నెలలకు ఆపేశాం.

మూడు నెలలకు ఏసీఈ-3లో 82, జ్ఞాపకశక్తిలో 17. ఏడాదికి 88, 20. లెక్కల విషయంలో పాత మాష్టారే. వీధిలో పిల్లలకు మళ్లీ సాయంత్రాలు ట్యూషన్ చెబుతున్నారు, కోపం పోయింది. ఎమ్మారైలో కుడి హిప్పోకాంపస్ మాత్రం చిన్నదైంది, అది మళ్లీ పెరగదు. జులై నుంచి సెప్టెంబరు దాకా జరిగినదేదీ ఆయనకు గుర్తులేదు. జులైలో మనవరాలి అన్నప్రాసన జరిగింది. వెండి గిన్నెలోని పాయసం ఆయనే తినిపించారు. ఫొటోలో పాప ఆయన ఒళ్లో ఉంది. ఆ ఫొటో నాకు చూపించి, "ఇందులో ఉన్నది నేనే కదండీ" అని అడిగారు.

చివరిసారి వచ్చినప్పుడు ఆయన భార్యకు ఒక కాగితం రాసిచ్చాను. ఎడమ చెయ్యిగానీ కుడి చెయ్యిగానీ ఒక్కసారి ఎగిరినా ఫోన్‌లో వీడియో తీయాలి, అదే రోజు సోడియం పరీక్ష చేయించాలి, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నాకు పంపాలి. ఆవిడ దాన్ని మడతపెట్టకుండా నోట్‌బుక్ వెనక అట్టకు అంటించుకున్నారు.